ఇసుకను నిలిపే పొద

ఎడారి అనగానే మనకు రాజస్థాన్ తలపునకు వస్తుంది. కాని ఇసుకతిన్నెలను చూడడానికి తెలుగువారు అంత దూరం పోనక్కరలేదు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల గుండా పారే వేదవతిని అక్కడివారు హగరి అంటారు. ఆ ఏటిలో నీరు కనిపించే రోజులకంటె ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. నైరుతి గాలులు వీచే మాసాలలో ఆ పొడి ఇసుక లేచి గట్టుదాటి పొలాలమీద పడుతుంది. దర్గా హోన్నూరు పరిసరాలలో అది దిబ్బలుగా పేరుకొన్నది. రైతు ఈ ఏడు ఇసుకను ఎత్తిపోసుకొన్నా, వచ్చే ఏడు గాలి మళ్లీ తెచ్చిపోస్తుంది.

గాలికి అడ్డుగా ఎత్తయిన చెట్లు పెంచితే చాలదా? ఇసుక నడక తెలిసినవారు చాలదంటారు. 1941లో బాగ్నోల్డ్ అనే ఆంగ్లేయుడు ఈ విషయంపై ప్రసిద్ధమైన గ్రంథం వెలువరించాడు. ఇసుక రేణువు ధూళివలె ఆకాశానికి ఎగరదు. నేలను అంటిపెట్టుకొని గెంతుతూ, పడినచోట మరికొన్ని రేణువులను లేపుతూ సాగుతుంది. అందులో అధికభాగం మోకాలి ఎత్తు దాటదు. బోడిమాను క్రిందుగా గాలి దూసుకుపోతుంది. మొదటినుంచే కొమ్మలు వేసే పొద దానిని నేలమట్టాననే నిలవరిస్తుంది.

1959లో జోధ్‌పూర్‌లో రూపుదిద్దుకొన్న కేంద్ర శుష్క ప్రాంత పరిశోధనా సంస్థ ఈ సూత్రాన్నే ఆచరణలో పెట్టింది. ముందుగా తిన్నెపైకి పశువులు రాకుండా కంచె వేస్తారు. తరువాత గాలికి అడ్డంగా కంపను వరుసలుగా పాతుతారు. ఇసుక కదలిక తగ్గిన పిమ్మట, వానలు పడగానే ఆ వరుసల నడుమ మొక్కలు, గడ్డి నాటుతారు.

ఏ మొక్క నాటాలన్నదే అసలు ప్రశ్న. సర్కారు తుమ్మ ఎంతటి కరవునైనా తట్టుకొంటుంది, ఇసుకనూ పట్టి ఉంచుతుంది. 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతానికి తెచ్చిన ఈ విదేశీ చెట్టు తరువాత దేశమంతటా అల్లుకొన్నది. అయితే అది దట్టంగా పెరిగినచోట నాటు గడ్డి, మొక్కలు సన్నగిల్లిపోతాయి. ఇసుక నిలిచింది గాని, నేల పచ్చదనం ఒక్క జాతి సొత్తయింది.

చైనాలోని టెంగర్ ఎడారి అంచున షాపొతౌ వద్ద వేరొక అనుభవం ఉన్నది. 1958లో ప్రారంభమైన రైలుమార్గాన్ని ఇసుకనుంచి కాపాడడానికి, అక్కడ గోధుమ గడ్డిని మీటరు చదరపు గళ్లుగా తిన్నెలలో పాతి, ఆ గళ్లలో ఎడారి పొదలను పెంచారు. పొదల అండన సన్నని ధూళి దిగింది. నాచు వంటి సూక్ష్మజీవులు ఇసుకపై పలుచని పెచ్చు కట్టాయి. ఆ పెచ్చు వాననీటిని పైపొరలోనే ఆపడంతో లోతు వేళ్ల పొదలు క్రమంగా పలచబడ్డాయి. పైవేళ్లతో బ్రతికే గడ్డిజాతులు తమంత తామే వచ్చి చేరాయి. పొద దాదిగా వచ్చి, బిడ్డ నడక నేర్చాక ప్రక్కకు తొలగింది.

హగరి గట్టున ఇట్టి దాదులకు కొదువ లేదు. రెల్లు, తంగేడు, రేగు, బండారు మన నేల ఎరిగినవే. తిన్నెను నిలిపే పనికి పూనుకొన్నవారు నాటిన మొక్కలలో ఎన్ని బ్రతికాయో లెక్కిస్తారు. ఐదేళ్ల తరువాత, తాము నాటనివి ఎన్ని మొలిచాయో కూడా లెక్కించవలసి ఉన్నది.