ఇప్పపూవుకు పది పాయింట్లు

అక్షరాల బిళ్లలతో బోర్డు మీద ఇంగ్లీషు పదాలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్లకు అర్థాలతో పనిలేదట. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, పదాలు బట్టీపట్టి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ కొట్టాడు. ఆ జ్ఞాపకశక్తికి దండం పెడతాను గానీ, ఊళ్లు చూడకుండా రైల్వే టైమ్‌టేబుల్ అప్పజెప్పడంలో మజా ఏముంది? అచ్చులు ఎక్కువైనప్పుడు ఆదుకునే 'మహువా'నే తీసుకోండి. ఇంగ్లీషులో ఐదక్షరాలు, అందులో మూడు అచ్చులు, పది పాయింట్లు. డిక్షనరీ దాన్ని ఒక భారతీయ వృక్షమని చెప్పి ఊరుకుంటుంది. నిజానికి అది మన ఇప్పచెట్టే. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో ఎండాకాలం మొదలవుతూనే జనం చీకటితో లేచి, రాలిన పూలు బుట్టలకెత్తుతారు. ఎండబెట్టి కొన్ని సారాకు, కొన్ని తిండికి, మిగిలినవి సంతకు. పూలు కనబడాలని చెట్టుకింద ఆకులు తగలబెడితే ఒక్కోసారి అడవే అంటుకుంటుంది. అక్కడే పెరిగే 'సాల్' చెట్టుకు బోర్డు మీద మూడే పాయింట్లు, కలప మాత్రం ఇనుమంత గట్టిది. పిల్లలకు ఈ ఆట నేర్పే బళ్లు పదాల జాబితాతో పాటు ఇదంతా చెప్పాలి. మన పందికొక్కు నుంచి పుట్టిన 'బాండికూట్' సంగతి కూడా. అది తొమ్మిదక్షరాలు, చేతిలో ఉండేవి ఏడు బిళ్లలే. బోర్డు మీద ముందే రెండు సరైన చోట పడి ఉండాలి మరి!