గాలి సస్పెన్షన్ ఎవరికి కావాలి?

మొన్నామధ్య మా కాలేజీ ఫ్రెండొకడు డల్లాస్ నుంచి ఓ డ్రాయింగు పంపాడు. కారు వెనక తగిలించుకుని తిరిగే బుల్లి ట్రావెల్ ట్రెయిలరుకి సొంతంగా ఎయిర్ సస్పెన్షన్ డిజైన్ చేస్తున్నాట్ట. "నువ్వు జగ్గయ్యపేటోడివి, లారీల మధ్య పెరిగావు, ఓసారి చూడరా" అన్నాడు. నేను రాసేది జావా :) అయినా అడిగాడు కదాని చూశాను.

మొదటి బగ్గు: రెండుపక్కల గాలిబుడగల్నీ ఒకే గొట్టంతో కలిపేశాడు. మలుపులో బయటిపక్క బరువు పడగానే గాలి రెండోపక్కకి పారిపోతుంది, బండి ఇంకా వాలుతుంది. పైగా బుడగ బరువు మోస్తుందంతే, ఇరుసుని పట్టి ఉంచదు. దానికి ఆర్ములు వేరే కావాలి. కమాను కట్టలో పట్టీలు ఒకదానికొకటి రాసుకుని ఊపుని కొంత తినేస్తాయి. బుడగలో అదీ లేదు, షాకబ్జార్బర్లు తప్పవు.

ఇవన్నీ సరిచేయొచ్చు. నా అభ్యంతరం వేరే. గాలి స్ప్రింగు గొప్పంతా బరువు మారే చోటే. బరువు పెరిగితే వాల్వు ఇంకాస్త గాలి పంపుతుంది, తగ్గితే వదిలేస్తుంది. నిండినా ఖాళీ అయినా ఊపు ఇంచుమించు ఒకటే. వాడి ట్రెయిలర్లో ఉండేది మంచం, స్టవ్వు, నీళ్లట్యాంకు. బరువు మారేదెక్కడ? సరిపడా స్ప్రింగు వేసుకుంటే చాలు.

బరువు నిజంగా మారేది మా ట్రాక్టరు ట్రక్కులో. మిరప కోతలప్పుడు నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో టన్నులకొద్దీ టిక్కీలు మోసే ట్రక్కులోనే కూలీలూ వెళ్తారు. లెక్క చూడండి. నిండు బరువుకి 10 సెంటీమీటర్లు కుంగే కమాను సెకనుకి సుమారు 1.6 సార్లు ఊగుతుంది. బరువు నాలుగో వంతైతే 3.2 సార్లు. కూర్చున్న మనిషికి నిలువు కుదుపు బాగా తగిలేది 4-8 మధ్య. ట్రక్కు తేలికయ్యేకొద్దీ అటే జరుగుతుంది. మా పెద్దమ్మ నడుంనొప్పికి ఇన్నేళ్లూ వయసునే తిట్టుకున్నాం.

మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉందిగా అంటారు. ఉంది. పొద్దున ఆరింటికి చేనుకి వెళ్లే బస్సేది?

నందిగామలో ఓ మెకానిక్కుని అడిగా. "రాళ్లదారికి రబ్బరు బుడగ ఆగదు బాబూ. రెండు పట్టీలు తీస్తే మెత్తగుంటది గానీ, టిక్కీలేసిన్రోజు కట్ట విరుగుద్ది" అన్నాడు. నిజమే. కానీ లారీలకి హెల్పర్ కట్ట ఎప్పట్నుంచో ఉందిగా? కింద మెత్తటి కట్ట, బరువు పడ్డాకే తగిలే రెండో కట్ట. గాలీ వద్దు, కంప్రెసరూ వద్దు. ట్రక్కులు తయారుచేసేవాళ్లు అదైనా మామూలుగా ఇవ్వాలని నా వాదన.

ఫ్రెండుకి ఇదంతా రాశాను. గొట్టం మాత్రం విడదీశాట్ట.