ప్రయోగానికి పనికొచ్చిన ఒళ్లు టీకాకు పనికిరాదా?

సాలోమీ కార్వా పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దేశపు యువతి. 2014లో ఎబోలా జబ్బు ఆమె తల్లినీ తండ్రినీ పొట్టన పెట్టుకుంది. ఆమెకూ సోకింది. ఎలాగో బతికి బయటపడింది. ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ అంటుకునే భయం తక్కువ కాబట్టి, తాను పడి లేచిన వైద్యకేంద్రానికే తిరిగి వెళ్లి రోగులకు సేవ చేసింది. ఆ ఏడాది టైమ్ పత్రిక ఎబోలాతో పోరాడినవారిని ఆ సంవత్సరపు విశిష్ట వ్యక్తులుగా ఎన్నుకుని, ముఖచిత్రాల్లో ఒకదాని మీద ఆమె బొమ్మ వేసింది.

2017 ఫిబ్రవరిలో ఆమెకు ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. ఇంటికి వచ్చాక ఫిట్స్ మొదలయ్యాయి. మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోతే, ఒకప్పుడు ఎబోలా వచ్చిన మనిషని సిబ్బంది ఆమెను ముట్టుకోవడానికి వెనకాడారని ఆమె భర్తా తోబుట్టువూ చెప్పారు. సాలోమీ చనిపోయింది. ఎబోలా నుంచి తప్పించుకున్న మనిషి కాన్పు నుంచి తప్పించుకోలేకపోయింది.

ఎక్కడో లైబీరియా సంగతి మనకెందుకు అనుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, తెలంగాణలో నెలలు నిండిన ఒక గర్భిణిని కోవిడ్ ఉన్న ప్రాంతం నుంచి వచ్చిందన్న అనుమానంతో ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిప్పారు. చివరకు తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. హైకోర్టు కల్పించుకుని ప్రభుత్వాన్ని వివరణ అడగవలసి వచ్చింది. దేశాలు వేరు, జబ్బులు వేరు. భయం మాత్రం ఒకటే. ఆ భయానికి మొదట బలయ్యేది కడుపుతో ఉన్న బీద స్త్రీ.

మహమ్మారి వచ్చినప్పుడు గర్భిణి రెండు రకాలుగా నష్టపోతుంది. మొదటిది అందరికీ కనబడేదే. జబ్బు ఆమెను మరింత గట్టిగా దెబ్బ తీస్తుంది. ఎబోలా సోకిన గర్భిణుల్లో గర్భం నిలవడం, బిడ్డ బతికి బట్టకట్టడం చాలా అరుదు. 2015లో గినీ దేశంలో ఎబోలా ఉన్న ఒక తల్లికి పుట్టిన పాప బతికితే అది ప్రపంచమంతా చెప్పుకునే వార్త అయింది. తల్లి మాత్రం చనిపోయింది.

రెండో నష్టం లెక్కల్లోకి రాదు. జ్వరం, రక్తస్రావం ఎబోలా లక్షణాలు. కాన్పు కష్టమైనప్పుడు కనబడేవీ ఇవే. అందుకని నెత్తురు పోతూ వచ్చిన గర్భిణిని చూస్తే నర్సులు భయపడ్డారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. చేతులకు తొడుగులు కూడా సరిగా లేని చోట కాన్పులు చేసి వాళ్లే చనిపోయారు. లైబీరియాలో ఉన్న డాక్టర్లు, నర్సులు, మంత్రసానుల్లో దాదాపు 8 శాతం మందిని ఎబోలా తీసుకుపోయింది. మిగిలిన ఆసుపత్రులకు పోవడానికి జనం జంకారు. పక్కనున్న సియెర్రా లియోన్‌లో కాన్పు సేవలు కుంటుపడడం వల్ల ఒక్క ఏడాదిలో అదనంగా చనిపోయిన తల్లులు, పురిటి పిల్లలు, చనిపోయి పుట్టిన శిశువులు 3,600 మంది ఉంటారని పరిశోధకులు అంచనా కట్టారు. ఆ దేశంలో ఎబోలాతో చనిపోయినవారి సంఖ్య 3,956. అంటే ఎబోలా పేరు లేకుండా ఇంచుమించు మరో ఎబోలా అంతమందిని మింగింది. రోజూ టీవీలో చెప్పిన లెక్కలో వీళ్లు లేరు.

ఇక పరిశోధన సంగతి చూద్దాం. 2015లో గినీలో ఎబోలా టీకా మీద పెద్ద ప్రయోగం జరిగింది. రోగితో మసలినవారందరినీ గుర్తించి, వాళ్ల చుట్టూ వలయంలాగా టీకా వేసుకుంటూ పోయారు. టీకా బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ఆ వలయంలో గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ చోటు లేదు. 2018 ఆగస్టులో కాంగో దేశం తూర్పు ప్రాంతంలో ఎబోలా మళ్లీ విజృంభించింది. అప్పటికి టీకా చేతిలో ఉంది, పనిచేస్తుందని తెలుసు. అయినా ఇంట్లో భర్తకూ అత్తకూ వేసి, అదే ఇంట్లో రోగికి నీళ్లు తాగించిన గర్భిణిని పక్కన నిలబెట్టారు. గర్భిణుల మీద పరీక్షించలేదు కాబట్టి ఇవ్వకూడదన్నారు. ఎందుకు పరీక్షించలేదంటే గర్భిణులకు ఇవ్వకూడదు కాబట్టి! 2019 ఫిబ్రవరిలో గాని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం వీళ్లకూ టీకా ఇవ్వవచ్చని చెప్పలేదు. అది ఆచరణలోకి వచ్చేసరికి జూన్ అయింది. 2020 జూన్‌లో ఆ మహమ్మారి ముగిసేనాటికి జబ్బుపడినవారు 3,470 మంది, చనిపోయినవారు 2,287 మంది. జబ్బుపడినవారిలో సగానికి పైగా ఆడవాళ్లే. జబ్బు మనుషులకు ఊడిగం చేసేదీ, శవానికి స్నానం చేయించేదీ వాళ్లే కాబట్టి ఇందులో వింత లేదు.

టీకాలో బతికున్న వైరస్ ఉంది, బిడ్డకు ఏమవుతుందోనన్న అనుమానం ఉత్తుత్తిది కాదు. ఒప్పుకోవలసిందే. కానీ త్రాసులో ఒక తక్కెడే చూస్తే ఎలా? టీకా వల్ల బహుశా రాగల హాని ఒకవైపు, ఎబోలా సోకితే దాదాపు ఖాయంగా పోయే బిడ్డ ప్రాణం, చాలావరకు పోయే తల్లి ప్రాణం మరోవైపు. ఈ రెండూ తూచి నిర్ణయించుకునే అవకాశం ఆ తల్లికి ఎవరూ ఇవ్వలేదు. అదే కాంగోలో, 2018 నవంబరు నుంచి ఎబోలాకు నాలుగు మందులను పోల్చి చూసిన ప్రయోగంలో గర్భిణులను చేర్చుకున్నారు. అంటే ఆ కల్లోలంలోనూ అది చేయరాని పనేమీ కాదన్నమాట.

కోవిడ్ వచ్చినప్పుడు మన దగ్గరా ఇదే కథ నడిచింది. 2021 జనవరి 16న ఆరోగ్య కార్యకర్తలకు టీకాలు మొదలుపెట్టారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దన్నారు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు, నర్సులు దాదాపు అందరూ ఆడవాళ్లే కదా! వాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు ఏ రక్షణా లేకుండా పనిచేశారు. ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చిపడింది. కోవిడ్ సోకిన 1,530 మంది గర్భిణులు, బాలింతల వివరాలను భారత వైద్య పరిశోధన మండలి పరిశీలించింది. మొదటి అలలో వారిలో మరణాలు 0.7 శాతం. రెండో అలలో 5.7 శాతం. గర్భిణులకు టీకా వేయవచ్చని ప్రభుత్వం చెప్పింది జూలై 2న. అప్పటికి అల తగ్గిపోయింది.

గర్భిణులను ప్రయోగాలకు దూరంగా ఉంచాలనడానికి థాలిడోమైడ్ మందును ఉదాహరణగా చూపిస్తారు. 1950ల చివర గర్భిణులకు వాంతులు తగ్గడానికని దాన్ని అమ్మారు. అనేక దేశాల్లో పదివేల మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. కానీ ఆ ఘోరం నేర్పే పాఠం ఏమిటి? ఆ మందును గర్భంలోని బిడ్డ మీద ఏ ప్రభావం ఉంటుందో సరిగా పరీక్షించకుండానే బజారులో పెట్టారు. పరీక్షించడం వల్ల కాదు, పరీక్షించకపోవడం వల్ల జరిగిన అనర్థం అది. దాన్ని అడ్డం పెట్టుకుని ఇక ఎన్నడూ పరీక్షించవద్దనడం ఎవరి సౌకర్యం కోసం? నష్టపరిహారం కట్టవలసి వస్తుందేమోనన్న కంపెనీల భయానికి గర్భస్థ శిశువు మీద ప్రేమ అని పేరు పెట్టుకున్నారంతే.

ఇక్కడ మన మిత్రులకే ఒక సందేహం వస్తుంది. "మా శరీరాలు మీ ప్రయోగశాలలు కాదు" అని వీధికెక్కినవాళ్లం మనమే కదా, ఇవాళ ప్రయోగాల్లో చేర్చుకోమని అడుగుతామా? ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో నెట్ ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను, ఇదొక ప్రయోగమని సరిగా చెప్పకుండా బీద స్త్రీలకు ఇవ్వబోతుంటే స్త్రీశక్తి సంఘటన అడ్డుకుంది. ఇతర మహిళా సంఘాలతో కలిసి 1986లో సుప్రీం కోర్టుకు వెళ్లింది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకాను సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. ఎంతోమంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో ఆపారు. చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ చరిత్రను మనం మరిచిపోనక్కరలేదు. మరిచిపోకూడదు కూడా. పటాన్‌చెరులో, ఖమ్మంలో మనం పోరాడింది సైన్సు మీద కాదు, అడగకుండా చేయడం మీద. కాంగోలో గర్భిణికి జరిగిందీ అడగకుండా చేసినదే. అక్కడ అడగకుండా సూది గుచ్చారు, ఇక్కడ అడగకుండా సూది వెనక్కి తీసుకున్నారు. జనాభా తగ్గించాలనుకున్నప్పుడు బీద స్త్రీ ఒళ్లు ప్రయోగానికి పనికొచ్చింది. ఆమె ప్రాణం కాపాడవలసినప్పుడు అదే ఒళ్లు ఉన్నట్టుండి సున్నితమైపోయింది. రెండు చోట్లా ఆమె తరఫున మరెవరో నిర్ణయించారు.

కాబట్టి మనం ఏం అడగాలి? జబ్బు వచ్చి ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు కాకుండా, ముందే, టీకా తయారవుతున్న దశలోనే గర్భం మీద దాని ప్రభావాన్ని జంతువుల్లో పరీక్షించి ఉంచాలి. గర్భిణులను మినహాయించేవాళ్లు ఎందుకు మినహాయిస్తున్నారో రాతపూర్వకంగా కారణం చెప్పాలి. చేర్చుకోవడానికే కాదు, వదిలేయడానికీ సంజాయిషీ ఉండాలి. నైతిక సంఘాల్లో కాన్పుల డాక్టర్లతోపాటు ఆ ప్రాంతపు స్త్రీలూ కూర్చోవాలి. లాభనష్టాలు ఆమెకు వచ్చిన భాషలో, తెలుగైతే తెలుగులో, కోయ అయితే కోయలో, నోటితో చెప్పాలి. చదువురాని మనిషి వేలిముద్ర మాత్రమే తీసుకుంటే అది అనుమతి కాదు. నిర్ణయం ఆమెదే కావాలి, భర్తదో అత్తదో కాదు. వద్దంటే కాన్పు వైద్యంలో ఏ లోటూ రాకూడదు. సరేనంటే తల్లినీ బిడ్డనూ ఏళ్ల తరబడి చూసుకోవాలి. ప్రయోగంలో హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని మన దేశపు 2019 నిబంధనలు చెబుతున్నాయి. అవి కాగితం దిగి పి.హెచ్.సి. దాకా రావాలి.

వీటన్నిటితోపాటు, మహమ్మారి రోజుల్లో కాన్పుల గది మూతపడకూడదు. అక్కడ పనిచేసే నర్సుకూ ఆయాకూ తొడుగులు, మాస్కులు మొదట అందాలి. ఆ రోజుల్లో చనిపోయిన ప్రతి తల్లినీ, ఆమెకు జబ్బు ఉన్నా లేకపోయినా, ఆ మహమ్మారి లెక్కలో రాయాలి.

మనం చేయగలిగిన పని ఒకటుంది. 2020, 2021 సంవత్సరాల్లో మన మండలాల్లో చనిపోయిన గర్భిణులు, బాలింతలు ఎవరు, ఎన్ని ఆసుపత్రులు తిరిగారు, ఎవరు ముట్టుకోనన్నారు, టీకా అడిగితే ఏమన్నారు అన్నది ఆ ఇళ్లకు వెళ్లి, వాళ్లు ఒప్పుకుంటే, రాసుకురావడం. మళ్లీ జబ్బు వచ్చేలోగా ఆ కాగితాలు మన చేతిలో ఉండాలి. ఈ పని ఎలా మొదలుపెట్టాలో మన సంఘాల్లో చర్చిద్దాం.