కుక్కపిల్లకు పళ్ళు మారే వేళ

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే మా ఎదురింటి వదిన, కొరికేసిన చెప్పు చేత్తో పట్టుకొని వచ్చింది. మా దొనకొండ ఎండల సంగతి చెప్పేదేముంది! అప్పటికే ఆమె ముఖం కందిపోయి ఉంది.

“చూడు వదినా, ఇది మూడో జత. చాప అంచు, చీపురు, మంచం నవారు, దేన్నీ వదలడం లేదు. ఇందాక మా చిన్నోడి చెయ్యి కూడా కొరికింది. దీనికి పిచ్చి పట్టినట్టుంది. రైలుకట్ట అవతల వదిలేసి వస్తానంటున్నాడు మీ అన్న” అంది.

“కుక్కపిల్ల సంగతి తర్వాత. చిన్నోడి చెయ్యి కడిగారా?” అన్నాను. పసుపు అద్దారట! చిన్న గీటే కదా అనుకుంటాం. కానీ కుక్కపిల్ల ఎంత చిన్నదైనా రేబిస్ భయం ఉండనే ఉంటుంది. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట సేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డాక్టరు చెప్పిన ఇంజెక్షన్లన్నీ మానకుండా వేయించాలి. కరిచిన కుక్కపిల్లను పది రోజులు కట్టేసి కనిపెట్టి చూడాలి. రైలుకట్ట అవతల వదిలేస్తే ఇంకేం చూస్తాం?

వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళివచ్చాక తీరిగ్గా అడిగాను. సంక్రాంతికి పుట్టిన పిల్ల. అంటే నాలుగు నెలలు. బాగా తింటోంది, నీళ్ళు తాగుతోంది, పిలిస్తే తోక ఊపుతోంది. పైగా చాప మీద బియ్యపుగింజలాంటి పన్ను ఒకటి దొరికిందట. ఇంకేం, పళ్ళు మారుతున్నాయన్నమాట!

కుక్కపిల్లకు 28 పాలపళ్ళు ఉంటాయి. సుమారు నాలుగో నెల నుంచి అవి ఊడి, ఆరేడు నెలలకల్లా 42 గట్టిపళ్ళు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ళు వాచి సలుపుతాయి. ఏదో ఒకటి నమిలితే గాని దానికి ఉపశమనం ఉండదు. కొద్దిగా నెత్తురు మరకలు కనిపించినా, ఊడిన పన్ను మింగేసినా కంగారుపడనక్కర్లేదు.

మరి ఏం చేయాలి? పాత నూలు తువ్వాలు తడిపి, మెలితిప్పి ముడివేసి, ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచి ఇవ్వండి. ఫ్రిజ్ లేకపోతే కడవలోంచి చల్లటి నీళ్ళు వేరే గిన్నెలోకి తీసి అందులో నానబెట్టినా చాలు. దారాలు ఊడుతుంటే మాత్రం తీసేయండి. అవి మింగితే పేగులకు చుట్టుకుంటాయి. లావుపాటి చల్లని క్యారెట్ ఇచ్చినా ఇష్టంగా కొరుకుతుంది. మీరు పక్కనే ఉండి, ముక్క చిన్నదవగానే తీసేసుకోవాలి. తిండికి ఉప్పు, తాలింపు లేని మెత్తటి పెరుగన్నం పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు పనికిరావు.

చేయకూడనివి కూడా ఉన్నాయి సుమా! మన పంటినొప్పికి లవంగనూనె రాస్తాం కదా అని దానికి రాయకండి. మనం వాడే నొప్పి మాత్రలు అసలే వద్దు, ప్రాణం మీదికి వస్తుంది. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో గుచ్చుకుంటాయి. పాత చెప్పు ఇచ్చారా, కొత్త చెప్పుకూ దానికీ తేడా తెలియదు. కరెంటు వైర్లు అందకుండా పైకి కట్టండి. కొరికితే కొట్టకండి. ఆట ఆపి లేచిపోండి, కాసేపాగి తువ్వాలు ముందు వేయండి.

కొత్త పన్ను వచ్చాక కూడా పక్కనే పాలపన్ను ఊడకుండా ఉంటే పశువుల డాక్టరుకు చూపించాలి. నీళ్ళు మింగలేకపోవడం, దవడ వేలాడటం, తూలడం, మనుషుల్ని గుర్తుపట్టనట్టు మీదపడటం కనిపిస్తే అది పళ్ళబాధ కాదు. తాకకుండా, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకుండా డాక్టరుకు కబురు చేయండి. మూడు నెలలు నిండిన కుక్కపిల్లకు రేబిస్ టీకా తప్పనిసరి.

పది రోజులు గడిచాయి. కుక్కపిల్ల హాయిగా ఉంది. దానికీ టీకా వేయించారు. చిన్నోడికి డాక్టరు రాసిన ఇంజెక్షన్లు ఒక్కటీ తప్పలేదు. ఓ సాయంత్రం వెళ్ళి చూస్తే అది అరుగు మీద తడిగుడ్డ నములుతూ కూర్చుంది. వదిన చెప్పులు మాత్రం అటక మీద భద్రంగా ఉన్నాయి!