పది మంది మోత, ఒక్కరికే కూలి

జేబులోని కొత్త నోటును తీసి రెండు వైపులా చూడండి. ముందు వైపు రూపాయి చిహ్నం, వెనుక వైపు గాంధీ కళ్ళజోడుతో స్వచ్ఛ భారత్ ముద్ర కనిపిస్తాయి. ఈ రెండింటినీ ప్రభుత్వం బహిరంగ పోటీల ద్వారానే సంపాదించింది. మొదటిది ఆర్థిక శాఖ 2009లో ప్రకటించిన పోటీలో ఎంపికైంది. రెండవది 2014లో మైగవ్ పోర్టల్‌లో జరిగిన పోటీ ఫలం. గెలిచిన ఉదయకుమార్, అనంత్ ఖాస్‌బర్దార్ పేర్లు పత్రికల్లో వచ్చాయి. వారికి దక్కిన గౌరవం న్యాయమైనదే. కానీ ఓడిన వేలాది మంది చేసిన పనికి విలువ ఎంత, దానిని ఎవరు చెల్లించారు అన్న ప్రశ్న మన రాజకీయ చర్చల్లో దాదాపు వినబడదు.

ఈ పద్ధతికి ప్రభుత్వం పెట్టుకున్న అందమైన పేరు ప్రజా భాగస్వామ్యం. దాని అసలు పేరు వేతనం లేని శ్రమ. పని చేయించుకునేవాడు భరించవలసిన నష్టభయాన్ని పని చేసేవారి నెత్తిన రుద్దే ఏర్పాటు ఇది. ఇంత మాట ఎందుకు అంటున్నానో రుజువులతోనే చెబుతాను.

రూపాయి చిహ్నం పోటీకి 3,331 నమూనాలు వచ్చాయి. తుది జాబితాలో నిలిచిన ఐదుగురికి తలా 25,000 రూపాయలు, విజేతకు 2.5 లక్షలు ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ దక్కలేదు సరికదా, పాల్గొనడానికి వారే 500 రూపాయల రుసుము కట్టారు. ఒక్కొక్కరు పది గంటలు పని చేశారనుకుంటే, ముప్పై మూడు వేల గంటలకు పైగా శ్రమ. ఆ శ్రమలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా ఉచితం. అది డిమాండ్ డ్రాఫ్టుల కాలం. అంతర్జాలం వచ్చాక ఈ బేరం మరింత సులువైంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2008లో పుట్టిన 99డిజైన్స్ వంటి సంస్థలు ఈ పద్ధతినే ప్రపంచ వ్యాపారంగా మార్చాయి: కొనేవాడు బహుమతి మొత్తం ప్రకటిస్తాడు, పదుల మంది పూర్తి చేసిన నమూనాలు పంపుతారు, ఒకరికి డబ్బు, మిగిలినవారికి అనుభవం. ఓడినవారికి నష్టం మిగిలినా, మధ్యవర్తి సంస్థకు దాని వాటా దానికి అందుతుంది.

ఈ మాటలు బిలాస్‌పూర్ నుంచి రాస్తున్నాను. ఇది రైలు పోషించిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడి బతుకులు పట్టాల చుట్టూ అల్లుకున్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ముఖ్య కేంద్రం. కోర్బా బొగ్గు ఇక్కడి మీదుగానే దేశం నలుమూలలకూ పోతుంది. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. తాత గ్యాంగ్‌మన్, తండ్రి ఫిట్టర్, మనవడు లాప్‌టాప్ ముందు కూర్చున్న డిజైనర్. అలాంటి ఇంట ఆ మనవడి పనిని తాత కొలమానంతో కొలిచి చూద్దాం.

రైల్వేలో ఏ పనికైనా ఒక లెక్క ఉంది. ఇంజను నడిపే లోకో పైలట్‌కు నడిపిన కిలోమీటర్లను బట్టి భత్యం వస్తుంది. అతడు లాగిన బొగ్గు ఏ కర్మాగారానికి నచ్చింది, ఏ కర్మాగారానికి నచ్చలేదు అన్నది అతని జీతంతో సంబంధం లేని విషయం. కాంట్రాక్టరు చేసిన పనిని మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించి బిల్లు చేస్తారు. ప్లాట్‌ఫాం మీది ఎర్రచొక్కా కూలీకి 2016 రైల్వే బడ్జెట్లో సహాయక్ అని కొత్త పేరు పెట్టారు. అతనికీ బరువును బట్టి రేటు ఉంది. పది మంది కూలీలను పిలిచి, తలా ఒక పెట్టె ఇచ్చి, వంతెన దాటించి, అందరిలో మాకు నచ్చినవాడికే కూలి ఇస్తామని ఏ ప్రయాణికుడైనా అంటే ఆ పెట్టెలు అక్కడే దించేసి నాలుగు మాటలు అని పోతారు. అదే మాట ఒక మంత్రిత్వ శాఖ డిజైనర్లతో అంటే దానిని మనం నవకల్పన అంటున్నాం.

టెండర్లలో మాత్రం ఓడినవాడికి ఏమి ఇస్తున్నారని ఒక అధికారి అడగవచ్చు. తేడా అక్కడే ఉంది. టెండరు వేసేవాడు ధర చెబుతాడు, గతంలో చేసిన పనులు చూపుతాడు. ముందు వంతెన కట్టి చూపించు, బాగుంటే డబ్బిస్తాం అని అతనిని ఎవరూ అడగరు. ఓడితే ధరావతు సొమ్ము కూడా తిరిగి ఇస్తారు. లోగో పోటీలో అడిగేది ధర కాదు, పూర్తయిన సరుకు. లోగోకు ఆలోచనే అసలు పని; ఆ ఆలోచనను పంపిన క్షణాన పని పూర్తయినట్లే.

రైల్వే స్వయంగా ఏమి చేసిందో చూద్దాం. 2018లో స్టేషన్ల సుందరీకరణ పోటీ ఫలితాలు ప్రకటించారు. బల్హార్షా, చంద్రపూర్ స్టేషన్లకు మొదటి స్థానం. మధుబని, మదురైలకు రెండవది. మూడవ స్థానం పంచుకున్న వాటిలో మన సికింద్రాబాద్ కూడా ఉంది. మధుబని స్టేషన్ గోడల మీద 2017 అక్టోబరు నుంచి రెండు వందల మందికి పైగా చిత్రకారులు వేల చదరపు అడుగుల మేర మిథిలా చిత్రాలు వేశారు. వారిలో స్త్రీలు అధికం. అది శ్రమదానం. రంగులు వారి చేతులవి, బహుమతి స్టేషనుది. గోడకు సున్నం వేసిన మేస్త్రీకి కూలి ఇవ్వకుండా ఉండగలదా రైల్వే? అదే గోడ మీద బొమ్మ వేసిన స్త్రీకి మాత్రం దేశసేవ అన్న మాటే వేతనం. అమృత్ భారత్ పథకం కింద బిలాస్‌పూర్ స్టేషను కూడా కొత్త రూపు దిద్దుకుంటోంది. రేపు ఆ గోడల మీద గోండు చిత్రాలో, సర్గుజా మట్టి శిల్పాలో రావచ్చు, రావాలి కూడా. వాటిని తీర్చిదిద్దే చేతులకు ఏ పద్దు కింద చెల్లిస్తారో ఇప్పుడే అడగడం మన బాధ్యత.

డబ్బు లేక ఇలా చేస్తున్నారనుకుంటే పొరపాటు. 2014 సెప్టెంబరు 25న మేక్ ఇన్ ఇండియా ప్రారంభమైంది. ఆ యంత్రసింహాన్ని రూపొందించింది వీడెన్ ప్లస్ కెనెడీ అనే అమెరికన్ ప్రకటనల సంస్థకు చెందిన భారత విభాగం. సరిగ్గా వారం తరువాత, అక్టోబరు 2న, స్వచ్ఛ భారత్ మొదలైంది. దాని ముద్రకు పోటీ, బహుమతి 50,000 రూపాయలు. ఒకే ప్రభుత్వం, ఒకే వారం, రెండు నీతులు. పెట్టుబడిదారుకు చూపే బొమ్మకు వృత్తి సంస్థ కావాలి, పౌరుడికి చూపే బొమ్మకు పౌరుడి శ్రమే చాలు. రైల్వేకే మరో మార్గం తెలుసు. 2002లో 150 ఏళ్ళ ఉత్సవానికి పచ్చ దీపం పట్టుకున్న గార్డు ఏనుగు భోలును తయారు చేసింది అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ. పని తెలిసినవారిని పిలిచి పని అప్పగించారు. ఆ ఏనుగు నేటికీ రైల్వే గుర్తుగా నిలిచి ఉంది.

ఇక హక్కుల సంగతి. గెలిచిన నమూనా మీద సర్వహక్కులూ శాఖవే, రూపకర్తకు ఏ హక్కూ ఉండదు అన్న షరతు ఈ పోటీల్లో మామూలు. మరి ఓడినవి? 2022లో జీ20 లోగో ఆవిష్కరించినప్పుడు ప్రభుత్వమే చెప్పింది: రెండు వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయనీ, వాటిలోని అంశాలను కలుపుకొని లోగోను మెరుగుపరిచారనీ. దీనిని గర్వంగా చెప్పుకున్నారు. ఎవరి గీత, ఎవరి రంగు, ఎవరి ఊహ కలిశాయో అక్కడ ఎవరికీ పట్టలేదు. మన 1957 కాపీరైట్ చట్టం ఇంత ఉదాసీనంగా లేదు. హక్కుదారు సంతకం చేసిన రాతపూర్వక పత్రం లేనిదే హక్కుల బదిలీ చెల్లదని 19వ సెక్షన్ అంటుంది. హక్కులు అమ్ముకున్నాక కూడా ఇది నా సృష్టి అని చెప్పుకునే అధికారం రచయితకు ఉంటుందని 57వ సెక్షన్ అంటుంది. విజ్ఞాన్ భవన్ గోడ మీది తన శిల్పాన్ని ప్రభుత్వం తొలగించి పాడుచేసినందుకు అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి 2005లో గెలిచారు. ఆయన పేరున్న శిల్పి గనుక పోరాడగలిగారు. రెండు వేల మందిలో ఒకడైన కుర్రవాడు ఏ కోర్టు గుమ్మం ఎక్కగలడు?

పేరున్నవారికే దిక్కులేని సందర్భమూ తెలుగువారు చూశారు. అమరావతి ప్రభుత్వ భవన సముదాయానికి జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకీ సంస్థను 2016 మార్చిలో పోటీ ద్వారా ఎంపిక చేశారు. ఏడాది తిరగకుండానే పక్కన పెట్టారు. మాకీ మన వాస్తుశిల్పుల మండలికి లేఖ రాసి నిరసన తెలిపితే దేశమంతా విన్నది. బిలాస్‌పూర్ డిజైనర్ లేఖ రాస్తే వచ్చేది ఆటోమేటిక్ ఈమెయిల్ జవాబే.

పోటీల వల్ల చిన్న ఊళ్ళ వారికి తలుపులు తెరుచుకుంటాయన్న వాదన బలమైనదే. ఖాస్‌బర్దార్ కొల్హాపూర్ వారు, ఢిల్లీ వారు కారు. కానీ తలుపు తెరవడానికి కూలి ఎగ్గొట్టవలసిన పని ఏముంది? పేరు వస్తుంది కదా అంటారు. పేరు అన్నం పెట్టదని మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. 1921లో బెజవాడలో గాంధీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య 1963లో పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ 2009లో వచ్చింది. బతికున్నప్పుడు చెల్లించని బాకీని బిళ్ళలతో తీర్చడం మన జాతీయ అలవాటు.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. అందరినీ ఆహ్వానించండి, కానీ కొత్త నమూనా అడగకండి. ఇదివరకు చేసిన పని చూడండి. అందులోంచి ఐదారుగురిని ఎంచి, నమూనా చేయడానికి ప్రతి ఒక్కరికీ రుసుము చెల్లించండి. తుది జాబితాలోని ఐదుగురికి 2010లోనే డబ్బు ఇవ్వగలిగిన ఆర్థిక శాఖే ఇది సాధ్యమని చూపింది. న్యాయనిర్ణేతల పేర్లు, ఎంపికకు కారణాలు బయటపెట్టండి. ఎంపిక కానివి వాటి కర్తలవే. వాడుకోవాలంటే వేరే ఒప్పందం రాసుకోండి. గెలిచిన గుర్తు పక్కన గీసినవారి పేరు ఎప్పటికీ ఉండనివ్వండి. బడిపిల్లల బొమ్మల పోటీలు పోటీలుగానే సాగనీయండి. వాటితో ఎవరికీ పేచీ లేదు. బతుకుతెరువుగా గీసేవారి పనిని మాత్రం ఆటగా మార్చకండి.

కనీస వేతనాల చట్టాలు రాసేది ప్రభుత్వం, వాటిని అమలు చేయించేదీ ప్రభుత్వమే. ఆ ప్రభుత్వమే పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టే యజమానిగా మారితే, రేపు ప్రైవేటు యజమానిని నిలదీసే నైతిక హక్కు దానికి ఎక్కడిది? నోటు మీద రెండు ముద్రలు గీయించుకున్న రాజ్యం ఆ నోటునే కూలిగా ఇవ్వడానికి వెనకాడడం కన్నా సిగ్గుచేటు మరొకటి లేదు.