నీమో పక్కన ఎవరుండాలి?

ఉప్పునీటి అక్వేరియం అనగానే పిల్లలు మొదట అడిగేది నీమోనే. 2003లో సినిమా వచ్చినప్పట్నుంచీ అంతే మరి! క్లౌన్ ఫిష్ మంచి ఎంపికే. మొండి ప్రాణం. హేచరీల్లో పుట్టి పెరిగినవీ దొరుకుతాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా వీటిని పుట్టించి పెంచింది. ఎనిమోన్ లేకపోయినా ఇది హాయిగా బతికేస్తుంది. కాబట్టి కొత్త తొట్టెలో ఎనిమోన్ జోలికి పోకండి. దానికి బలమైన వెలుతురు, నెలల తరబడి కుదురుకున్న నీళ్లు కావాలి. అది చచ్చి కుళ్లిందంటే తొట్టె మొత్తానికీ ముప్పే.

చిక్కంతా తర్వాత వచ్చే అతిథులతోనే. అదే సినిమాలోని డోరీ... నీలం టాంగ్... షాపులో రెండంగుళాలుంటుంది. పెరిగితే అడుగు! మూడడుగుల తొట్టెలో దానికి ఈదే చోటెక్కడ? మాండరిన్‌ది ఇంకో కథ. దాని రంగులు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ అది తినేది రాళ్లమీద పాకే కోపెపాడ్లనే సన్నపురుగుల్ని. డబ్బాలో మేతని చాలా మాండరిన్లు కన్నెత్తి చూడవు. కొత్త తొట్టెలో ఆ పురుగులు తగినన్ని ఉండవు. ఎదురుగా మేత తేలుతున్నా వారాల తరబడి ఆకలితో మాడి చస్తుంది. అందం చూసి కొనేవాళ్ల చేతుల్లో ఎన్ని ఇలా పోతాయో!

షాపువాళ్లు 'రీఫ్ సేఫ్' అంటే, దేనికి సేఫ్ అని అడగండి. లయన్ ఫిష్ పగడాన్ని ముట్టదు, రొయ్యని మాత్రం గుటుక్కున మింగేస్తుంది. ట్రిగ్గర్ చేపలు నత్తల్నీ పీతల్నీ కొరికేస్తాయి. సీతాకోక చేపల్లో చాలావాటికి పగడమే ఫలహారం. డామ్సెల్ చవకే, కానీ పరమ గయ్యాళి. ముందొచ్చి తిష్ట వేసిందా, వెనకొచ్చినవాటిని బతకనివ్వదు. కావాలంటే దాన్ని చివర్లో తెచ్చుకోవాలి.

నాచు తినే టర్బో నత్తలు, క్లీనర్ రొయ్యలు, హెర్మిట్ పీతలతో క్లౌన్‌కి పెద్దగా పేచీ ఉండదు. పీతలకు మాత్రం ఖాళీ గుల్లలు నాలుగు అదనంగా వేయండి. లేకపోతే నత్తని చంపి ఇల్లు కబ్జా చేస్తాయి!

చేపకి తెల్లమచ్చలొచ్చాయని రాగి మందు తొట్టెలో పోశారో... చేప కోలుకోవచ్చుగానీ రొయ్యలు, నత్తలు, పగడాలు పోతాయి. వైద్యం వేరే తొట్టెలోనే చేయాలి.

ఇంకోమాట. రాతి పగడాలూ సముద్రగుర్రాలూ మనదేశంలో 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. మన సముద్రంలోంచి తీసినవాటిని కొనడం నేరం. 'ఎవరూ అడగరు సార్' అని దుకాణదారు ఎంత నచ్చజెప్పినా పర్సు బయటికి తీయకండి.