మడయడవులకు గ్రామపటము కావలెను

కోనసీమ యనగనే కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు కన్నులకు గట్టును. ఈ సౌభాగ్యమునకు సముద్రపుటంచున కావలి కాయుచున్న మడయడవులను స్మరించువారు తక్కువ. కాట్రేనికోన, ఐ. పోలవరము మండలములలో గౌతమి సముద్రమును చేరుచోట మడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు బురదలో వేళ్లూని కెరటముల వేగమును తగ్గించుచున్నవి; చేపపిల్లలకును రొయ్యపిల్లలకును ఉనికిపట్టులగుచున్నవి. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ తుపాను ఈ తీరమున కలిగించిన జననష్టము నెరిగినవారికి ఆ కావలి విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

పోటుపాటులకు లోనగు ఇట్టి యడవిని కాలినడకను కొలుచుట కష్టము. అందుచేత భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు 1987 నుండి ఉపగ్రహచిత్రముల సాయమున దీనిని లెక్కించుచున్నారు. పచ్చని యాకు ఎఱ్ఱని కాంతిని పీల్చుకొని, కంటికి గోచరింపని పరారుణకాంతిని విశేషముగ ప్రతిఫలింపజేయును. ఆ భేదమునుబట్టి చిత్రములో అడవి ముదురెఱుపుగను, రొయ్యలచెరువులు నల్లని గడులుగను తోచును. 2021వ సంవత్సరపు నివేదిక ననుసరించి దేశమునందలి మడయడవులు 4,992 చదరపు కిలోమీటర్లు. అందు ఆంధ్రప్రదేశమునవి 405.

ఈ కృషి ప్రశంసనీయమే. కాని ఆ పటము ఒక హెక్టారునకు, అనగా సుమారు రెండున్నర యెకరములకు, తక్కువైన తునకను వేరుగ చూపదు. అడవిని నరకువారు నూరెకరములు ఒక్కమారు నరకరు గదా! చెరువుగట్టు ఏటేట కొంచెము జరుగును. పాయవెంబడి అరయెకరము పోవును. నదీముఖమున క్రొత్తమేటలపై మొలచిన మొక్కలు లోపల పోయిన యడవిని మొత్తపు లెక్కలో కప్పిపుచ్చును. రాష్ట్రమున అడవి పెరిగెనని మనము సంతసించువేళ ఒక యూరి కావలి తరిగియుండవచ్చును.

ఇంతకంటె సూక్ష్మముగ చూచుశక్తి మనకు లేక కాదు. 2005లో శ్రీహరికోటనుండి ప్రయోగింపబడిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల వివరమును చూపెను. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము మన ముంగిటనే యున్నది. తీరమునందలి రొయ్యలచెరువులనుగూర్చి సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 11వ తేదీన తీర్పు చెప్పినది. అట్టి తీర్పుల అమలునకు అడవి ఎచ్చట నుండెనో, ఎప్పుడు పోయెనో తెలుపు సాక్ష్యము కావలెను. పాత చిత్రములే ఆ సాక్ష్యము.

రొయ్యలసాగు చేయు రైతులందరు అపరాధులని మేమనము. ఎల్ల స్పష్టమగుట వారికిని మేలే. 2022లో అమలాపురము జిల్లాకేంద్రమైనది, అధికారులు దగ్గరయైరి. కావున ప్రతి తీరగ్రామమునకు సర్వేనంబర్లతో కూడిన మడయడవి పటమును తెలుగున సిద్ధపరచి, ఏటేట పంచాయతీ కార్యాలయపు గోడపై నుంచవలెనని మేము కోరుచున్నాము. ఎఱుపుగ తోచినది మడయో, సరుగుడుతోటయో పాయలలో తిరుగు మత్స్యకారులు గ్రామసభలో తేల్చిచెప్పగలరు. ఆకసమునుండి చూచిన కన్ను నేలమీది కన్నుతో గలిసిననాడే ఈ పటము అడవిని రక్షింపగలదు. లేనిచో పోయినదానికి లెక్క మాత్రమే మిగులును.